రెండు ఫాగ్ లైట్లకు ఎంత వైరు, ఎంత ఫ్యూజు?

బైక్‌కు ఫాగ్ లైట్లు బిగించేటప్పుడు అందరూ అడిగేది ఎన్ని వాట్లనే. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఆంపియర్లు. వాట్లను వోల్టులతో భాగిస్తే చాలు. 20 వాట్ల ఎల్‌ఈడీలు రెండంటే 40 వాట్లు. 12తో భాగిస్తే 3.3 ఆంపియర్లు. అదే 55 వాట్ల హాలోజెన్లు రెండు పెడితే 9.2.

ఇంత కరెంటు కోసం హెడ్‌లైట్ వైరు తొక్క ఒలిచి, అక్కడే రెండు తీగలు మెలేసి, పైన టేపు చుట్టేసే మెకానిక్‌లు చాలామంది ఉన్నారు. దయచేసి ఒప్పుకోకండి. ఆ వైరు, ఆ స్విచ్ కంపెనీ ఇచ్చిన బల్బుకు సరిపడేవే. అందుకే రిలే కావాలి. దాని కాయిల్ తీసుకునేది 0.2 ఆంపియర్లలోపే కాబట్టి స్విచ్‌కు భారం ఉండదు. అసలు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా లైట్లకు పోతుంది. రిలే మీద 30 అని ఉన్న కాలికి ఫ్యూజు మీదుగా బ్యాటరీ ప్లస్, 87కు లైట్లు, 86కు స్విచ్, 85కు ఎర్త్. స్విచ్‌కు కరెంటు ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే వచ్చే వైరు నుంచి ఇవ్వండి. తాళం తీయగానే లైట్లు ఆరాలి. లేకపోతే 100 సీసీ బైకుల్లో ఉండే 3 ఏహెచ్ బ్యాటరీ లెక్క ప్రకారమే గంటలోపు ఖాళీ. సెల్ఫ్ అయితే అంతకన్నా ముందే మొరాయిస్తుంది.

ఫ్యూజు కాపాడేది లైటును కాదు, వైరును. 3.3కు పావు వంతు కలిపితే 4.1. కాబట్టి 5 ఆంపియర్ల ఫ్యూజు. బ్యాటరీకి జానెడు దూరంలోపే పెట్టాలి, ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న వైరు ఫ్రేముకు రాసుకుని షార్టయితే ఆపేవాళ్లుండరు. పదేపదే పోతోందని 15 వేస్తే, తర్వాత కాలేది పెట్రోలు ట్యాంకు కింద ఉన్న వైరే.

వైరు మందం సంగతి. 0.5 చదరపు మి.మీ. రాగి తీగ రానూపోనూ 4 మీటర్లుంటే నిరోధం 0.14 ఓమ్‌లు. ఎల్‌ఈడీలకు దారిలో పోయేది 0.46 వోల్టులు, పర్వాలేదు. హాలోజెన్లకు 1.3 వోల్టులు పోతాయి. అంటే పదో వంతుకు పైనే. వెలుగు మాత్రం దాదాపు మూడో వంతు పడిపోతుంది! వాటికి 1.5 చదరపు మి.మీ. వైరు వేస్తే నష్టం 0.43కు దిగుతుంది. ఎల్‌ఈడీలకు 1 చాలు.

బిగించాక ఇంజిన్ నడుస్తుండగా అన్ని లైట్లూ వేసి, బ్రేకు నొక్కి, బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 13 వోల్టులకు పైన నిలకడగా ఉంటే ఛార్జింగ్ సరిపోతున్నట్టే. 12.5 దగ్గరికి జారుతుంటే తక్కువ వాట్ల లైట్లు పెట్టుకోవాల్సిందే.

చట్టాన్నీ లెక్కలో వేసుకోవాలి. అనుమతి లేని మార్పులకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. ఎదుటివాళ్ల కళ్లలో కొట్టే లైటుకు నేనైతే సమర్థన వెతకను. కాంతి రోడ్డు మీదే పడేలా కిందికి వంచండి, ఊళ్లోకి రాగానే ఆర్పేయండి.