ఇంజనుకు విరేచనము వలయునా?



మా అశోక్ నగరమున ఏ వీధిలో నిలిచి చూచినను రెండు విషయములు విస్తారముగా కానవచ్చును. ఉద్యోగ పరీక్షలకు చదువుకొను పిల్లలు ఒకటి. ఇండ్ల ముందర దుమ్ము పట్టి నిలిచియున్న కార్లు రెండవది. పిల్లల సంగతి నేను ముప్పదియేండ్లకు పైగా బడిలో చూచినదే. కార్లను గూర్చి ముచ్చటించుటకు నాకు గల అర్హత యేమన్న, ఆ కార్లలో నొకటి నాది. దాని ఇంజనును నా చేతులతో నేనే పాడుచేసికొంటిని. ఇంజను లోపలి మురికిని పోగొట్టుటకు నూనెలో పోయు మందులు ఇప్పుడు సీసాలలో విరివిగా అమ్ముచున్నారు. వానిని ఎప్పుడు పోయవచ్చునో, ఎప్పుడు పోయరాదో చెప్పుటయే నేటి నా ప్రసంగ విషయము.

నాది మారుతి 800. ఈ జాతి కార్లు 1983 డిసెంబరులో తొలిసారి కొనుగోలుదారుల చేతికి వచ్చినవి. 2014లో వాని నిర్మాణము నిలిచిపోయినది. నా బండి ప్రయాణములన్నియు చిన్నవి. ఉదయమున చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుడి, మధ్యాహ్నమున నగర కేంద్ర గ్రంథాలయము, కచేరి యున్న సాయంకాలమున త్యాగరాయ గానసభ. ఏ ప్రయాణమును రెండు కిలోమీటర్లకు మించదు. నడచిపోరాదా యని మీరనవచ్చును. మా యింటిదానికి మోకాళ్ల నొప్పి. 2020 ఫిబ్రవరి నుండి మెట్రో రైలు చిక్కడపల్లిలోను నారాయణగూడలోను ఆగుచున్న మాట నిజమే గాని, అది మా గుమ్మము ముందరికి రాదు గదా!

ఈ విధముగా మూడేండ్లలో నా బండి నాలుగువేల కిలోమీటర్లయినను తిరుగలేదు. తిరుగని బండికి నూనె మార్చుట యేల యని నేను లోభించితిని. లెక్కల మాస్టరును కాకపోయినను, ఈ లెక్క నాకు మిక్కిలి సబబుగా తోచెను.

తప్పెక్కడ నున్నదో వినుడు. ఒక లీటరు పెట్రోలు మండినచో సుమారు ఒక లీటరు నీరు ఆవిరిగా పుట్టును. అందు చాలభాగము పొగగొట్టము వెంట పోవును. కొంత మాత్రము పిస్టను ప్రక్కల సందుల గుండ క్రిందికి దిగి నూనెలో చేరును. దానితోపాటు మండని పెట్రోలును, ఆమ్లముల నిచ్చు వాయువులును చేరును. దూరప్రయాణమున నూనె బాగుగా కాగి, ఆ తేమయు పెట్రోలును ఆవిరియై వెలుపలికి పోవును. రెండు కిలోమీటర్ల ప్రయాణమున నూనె కాగనే కాగదు. ముందరనున్న వేడిముల్లు నడిమికి వచ్చినది గదా యని భ్రమపడరాదు. అది తెలుపునది నీళ్ల వేడిమి. నూనె వేడెక్కుటకు ఇంకను చాలసేపు పట్టును. ఆర్.టి.సి. చౌరస్తా వద్ద దీపముల ముందర ఆగి ఆగి పోవు బండిలో ఇంజను తిరుగుచునే యుండును గాని కిలోమీటర్ల లెక్క పెరుగదు. కావుననే తయారీదారులు తమ పుస్తకములలో దూరము నొకటి, కాలము నొకటి చెప్పి, ఏది ముందు వచ్చిన దానినే పాటింపుమందురు. ఇప్పటి పెట్రోలు కార్లలో పెక్కింటికి అది 10,000 కిలోమీటర్లు లేక ఒక సంవత్సరము. నేను మొదటి అంకెను మాత్రము చదివి రెండవదానిని విడిచితిని.

తర్కము చదివినవారు స్నేహమను గుణమును జలమునకే చెప్పుదురు. నూనెలోని జిడ్డును సయితము అందలి జలాంశమునకే అంటగట్టిరి మన తార్కికులు. మోటారు ఇంజను ఈ సిద్ధాంతమున కొప్పుకొనదు. నూనెలోని జలాంశమే దానికి శత్రువు.

నీరు, మసి, ఆమ్లములు, వేడికి చెడిన నూనె కలిసి క్రమముగా నల్లని ముద్దయగును. గానుగవారు నూనె అడుగున మిగులుదానిని మడ్డి యందురు, ఇదియు మడ్డియే. అది టాపెట్ కవరు లోపల పేరుకొనును, పిస్టన్ రింగులను పట్టుకొనును, నూనె క్రిందికి జారు రంధ్రములను పూడ్చును. దోషము వాడువారిదే యని కూడ ఎల్లప్పుడు చెప్పరాదు. 1997 మొదలు 2002 వరకు తయారైన కొన్ని ఇంజనులలో నూనె గడ్డకట్టుచున్నదని ఫిర్యాదులు రాగా, 2002లో అమెరికాలో టొయోటా సంస్థయే మరమ్మతు ఖర్చు భరించు ఏర్పాటు ప్రకటింపవలసి వచ్చెను.

ఇక నూనె సంగతి. మనము డబ్బాలో కొనునది వట్టి నూనె కాదు. సాధారణముగా నూటికి 10 మొదలు 20 పాళ్ల వరకు అందు మందులే యుండును. లోహమున కంటిన మురికిని వదలించి ఆమ్లములను విరుచు కాల్షియము, మెగ్నీషియము లవణములు కొన్ని. మసి కణములు ఒకదానితో నొకటి అంటుకొనకుండ విడివిడిగా తేలియాడునట్లు చేయునవి కొన్ని. ఒరపిడి నుండి లోహమును కాపాడు జింకు సమ్మేళనము వేరొకటి. ఈ శోధక ద్రవ్యముల వాడుక 1930ల దశాబ్దమున క్యాటర్‌పిల్లర్ డీజిలు ఇంజనులలో రింగులు అంటుకొనిపోవు బాధను మాన్పుటకై బయలుదేరినది. క్రొత్తగా పోసిన నూనె కొలదిదినములలో నల్లబడినదని కొందరు బెంగపెట్టుకొందురు. అది నూనె పనిచేయుచున్న దనుటకు గుర్తు. చాకలి రేవున నీరు నల్లబడకున్న బట్టలు తెల్లబడునా? మురికిని మోయు ఆ శక్తికి మాత్రము ఒక హద్దు కలదు. హద్దు దాటిన పిదప అది మోయజాలక క్రింద దింపివేయును.

అట్లు దింపినదానిని కరగించెదమనియే సీసాల మందులు వచ్చుచున్నవి. ఇవి రెండు తెరగులు. పాత నూనె తీసివేయుటకు ముందు, కాగిన ఇంజనులో పోసి, బండిని కదలింపక పది పదిహేను నిమిషములు మెల్లగా తిరుగనిచ్చి, వెంటనే అంతయు దింపివేయునది మొదటిది. ఇందు కిరసనాయిలు వంటి పలుచని ద్రవము ప్రధానము. దీనిని పోసి బండి తోలరాదు, ఇంజనును హోరెత్తింపరాదు. బేరింగులకును ఇరుసునకును నడుమ గల సందు సాధారణముగా మిల్లీమీటరులో ఇరువదవ వంతునకు మించదు. ఆ సందులోని నూనెపొరయే వాని ప్రాణము. పలుచనైన నూనె బరువు పడినపుడు ఆ పొరను నిలుపజాలదు. రెండవ తెరగు మందు నూనె మార్పునకును మార్పునకును నడుమ పోసి, బండి నడుచుచుండగా వందల కిలోమీటర్లలో మెల్లగా శుభ్రపరచునది. ఇందు పలుచని ద్రవము తక్కువ, శోధకములు ఎక్కువ. వినుటకు ఇదియే సాధువైనది. నేను కొన్నదియు ఇదియే.

నారాయణగూడ సందులో ఒక మెకానిక్కు కలడు. ఆతడు నూనె పోయు మూత విప్పి, వ్రేలు పెట్టి తీసి, కాటుక వంటి ముద్దను నాకు చూపెను. “సారూ, ఇది మందుతోని పొయ్యే రోగం గాదు. ఛాంబర్ దించాలె,” అనెను. నూనె నిలువయుండు అడుగు తొట్టిని మెకానిక్కులు ఛాంబరందురు. ఖర్చడిగి, విని, నమస్కరించి వచ్చితిని. ఒక అంగడిలో రెండు సీసాలు కొంటిని. ఒకటి ఇంటనే పోసితిని. మూడుదినములు ఇంజను చప్పుడు మెత్తబడినట్లు తోచెను. మెకానిక్కును గెలిచితినని మా యింటిదానితో చెప్పుకొంటిని కూడ.

నాలుగవ దినమున ఆమెకు కంటి శస్త్రచికిత్స. తెల్లవారుజామున బయలుదేరితిమి. నారాయణగూడ వంతెన ఎక్కుచుండగా ఎఱ్ఱని ఆయిలు దీపము వెలిగెను. ఆసుపత్రి ఎంతో దూరము లేదుగదా యని తోలితిని. వంతెన దిగునప్పటికి ఇంజనులో కుండపెంకులు కదిలించినట్లు చప్పుడు. అప్పుడు ఆపితిని. ఆ వృద్ధురాలిని రోడ్డు ప్రక్కన నిలువబెట్టి ఆటోకై చేయి చాచుచున్న నా సిగ్గును ఇప్పుడు వర్ణింపను. కన్నునకు మాత్రము ఏ కీడును జరుగలేదు.

ఛాంబరు దించిన పిదప కారణము కంటికి కనబడెను. హుస్సేన్ సాగరము పొంగినపుడు ఆ నీటిని మూసీకి గొనిపోవు నాలా మా ప్రక్కగనే పారుచున్నది. అడుగున పూడిక కదలక పడియున్నంత కాలము నీరు కొంత ఇరుకుగానైనను పోవుచుండును. ఆ పూడికయు చెత్తయు ఒక్కమారుగా కదలివచ్చి కల్వర్టు నోట పడెనా, నీరు వీధులకెక్కును. ఇంజనులో ఆ కల్వర్టు ఎక్కడ ననగా, ఛాంబరు అడుగున నూనెను పంపు పీల్చుకొను గొట్టమునకు ఒక జాలి కలదు. మడ్డి కరగినంత మేర కరగి నూనెతో ఫిల్టరునకు చేరిన బాధ లేదు. పెచ్చులుగా ఊడినది మాత్రము జాలి మీదనే పడి దానిని మూసివేయును. పంపునకు నూనె అందదు, బేరింగులకును అందదు. నా బండిలో జాలి ముక్కాలు మూసికొనిపోయెను, బేరింగులు గీరుకొనిపోయెను. మూడు నెలల పింఛను దానికి చెల్లినది.

అయినచో మందులన్నియు మోసమనెదనా? అనను. ఆయుర్వేదమున శోధనము, శమనము అని చికిత్సలు రెండు. విరేచనమునకు ముందు స్నేహన స్వేదనములు చేయవలెను. దుర్బలునకు, వృద్ధునకు తీక్ష్ణ విరేచనము కూడదు. ఇంజనుకును అంతే. వేళకు నూనె మార్చుచు వచ్చిన బండికి, ఎక్కడనో సన్నని పొరగా మడ్డి కనబడినప్పుడు, నూనె దింపు దినముననే, బాగుగా కాగిన ఇంజనులో మందు పోసి, సీసాపై వ్రాసినంతసేపే తిరుగనిచ్చి, నూనెతోపాటు ఫిల్టరును గూడ మార్చినచో హాని సామాన్యముగా లేదు. కొంత మేలును జరుగవచ్చును. అట్టి బండికి మందు అంత అవసరమునుగాదు, అది వేరు మాట. ఎవరు ఎట్లు వాడిరో తెలియక కొన్న పాత బండికి, ముద్దలుగా మడ్డి పేరినదానికి, నడుమ నడుమ మందు పోయుట జూదము. ఎండిన రబ్బరు సీళ్ల వద్ద మడ్డియే అడ్డుగా నిలిచియున్నచోట అది కరగిన పిదప నూనె కారుటయు కలదు.

అట్టి బండికి మెకానిక్కు నాకు చెప్పిన త్రోవ ఇది. మొదట ఛాంబరు దించి జాలి కడుగవలెను. పిదప తయారీదారు చెప్పిన తరగతి మంచి నూనెను క్రొత్త ఫిల్టరుతో పోసి, వెయ్యి పదునైదువందల కిలోమీటర్లకే తీసివేసి, మరల పోయవలెను. నూనెలోనున్న శోధకములే మెల్లగా పని చేయును. రెండు మూడు పర్యాయములకు టాపెట్ల మీది నలుపు పలుచబడును. నా బండికి సుమారు మూడు లీటర్ల నూనె చాలును. రెండు మార్పుల వెలయు కలిపి నేను పెట్టిన మరమ్మతు ఖర్చులో నాలుగవ వంతు కాదు.

మూత క్రింద నలుపునకు బదులు వెన్నవంటి తెల్లని నురుగు కనబడినచో అది తేమ. చలికాలపు చిన్న ప్రయాణములలో సహజమే. ఒకమారు దూరముగా తోలిన పోవును. రేడియేటరులో నీళ్లు కూడ తగ్గుచున్నచో మాత్రము ఏ సీసాయు వలదు, వెంటనే చూపింపవలెను. ఎఱ్ఱదీపము వెలిగినచో ఎచటనున్న అచటనే ఇంజను ఆపవలెను. ఆసుపత్రి నూరుగజముల దూరమున నున్నను సరే.

ఇప్పుడు ఆరుమాసముల కొకమారు, తిరిగినను తిరుగకున్నను, నూనె మార్పించుచున్నాను. పదునైదు దినముల కొకమారు గంటసేపు బండిని ఊరి వెలుపలకు తోలుచున్నాను. మా యింటిదానికి అదియొక విహారము. ఆ రెండవ సీసా మా మెట్ల క్రింది అరలో, మూత తీయకయే, నేటికిని ఉన్నది.