బేస్ గిటార్‌కి ఏ తీగలు?

బేస్ కొనేముందు చెక్క గురించీ పికప్‌ల గురించీ నెలల తరబడి చదువుతాం. తీగలు మాత్రం షాపులో ఏవి వేసిస్తే అవే! నిజానికి స్వరం సగం అక్కడే తేలిపోతుంది.

ముఖ్యమైన రకాలు రెండు. రౌండ్‌వౌండ్‌కి గుండ్రటి వైరు చుడతారు. ఖంగుమంటుంది, చాలాసేపు మోగుతుంది. 1966లో రోటోసౌండ్ కంపెనీ 'ద హూ' బృందంలోని జాన్ ఎంట్‌విజిల్‌తో కలిసి తయారుచేసినవి ఇవే. ఫ్లాట్‌వౌండ్‌కి చదునైన రిబ్బన్ చుడతారు. వేలు జారినా గీరుకున్న చప్పుడు రాదు, నాదం మెత్తగా వచ్చి త్వరగా అణుగుతుంది. మోటౌన్ పాటల్లో జేమ్స్ జేమర్‌సన్ వాయించినవి ఇవి. తెగితే తప్ప మార్చేవాడు కాదట.

మందం సంగతికొస్తే, మామూలు నాలుగు తీగల సెట్ 45 నుంచి 105 దాకా, అంటే అంగుళంలో వెయ్యో వంతుల్లో. బాగా లావువి వేస్తే బిగువు పెరిగి మెడ వంగుతుంది, ట్రస్ రాడ్ సరిచేసుకోవాలి.

నేను బేస్ పట్టిందే ఇళయరాజా పాటల కోసం. ఫ్లాట్‌వౌండ్ వేశాక ఆ బేస్ వరసలు గొంతుకి అడ్డు రాకుండా దాని పక్కనే నడిచాయి. ధర ఎక్కువే, కానీ ఏళ్ల తరబడి ఉంటాయి. మీరు స్లాప్ వాయిస్తారా? అయితే రౌండ్‌వౌండే తీసుకోండి. ముందు పాట తేల్చుకోండి, తర్వాతే తీగలు.