డైరెక్టర్ల తొలగింపు, వాటాదారుల హక్కు, న్యాయస్థాన నిషేధాజ్ఞ

కంపెనీ డైరెక్టరు పదవి కోల్పోయే సందర్భాల్లో రెండింటిని విడిగా చూడాలి. 2013 నాటి కంపెనీల చట్టం 164వ సెక్షన్ అనర్హతను నిర్వచిస్తుంది. దివాలా నుంచి విముక్తి పొందని వ్యక్తి, నిర్ణీత శిక్ష పడిన వ్యక్తి ఆ పదవికి తగరు. ఇక్కడ నిర్ణయించేది చట్టమే. 169వ సెక్షన్ చెప్పేది తొలగింపు. దీనికి డైరెక్టరులో దోషం ఉండనక్కరలేదు. ప్రత్యేక నోటీసు ఇచ్చి, ఆయన వాదన వినే అవకాశం కల్పించాక, వాటాదారులు సాధారణ తీర్మానంతో పదవి నుంచి తప్పించవచ్చు. మొదటివారు తగనివారు, రెండవవారు అక్కరలేనివారు. వాడుకలో ఈ రెండూ కలిసిపోవడంతో తొలగింపుకూ నేరనిరూపణ కావాలన్న భావన కలుగుతోంది. సమావేశాన్ని ఆపమని కోర్టుకెక్కే డైరెక్టర్ల వాదనకు ఆ భావనే కొంత బలమిస్తున్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఎస్కార్ట్స్ తీర్పు

1984లో భారతీయ జీవిత బీమా సంస్థ ఎస్కార్ట్స్ కంపెనీలోని తొమ్మిది మంది డైరెక్టర్లను తొలగించేందుకు సమావేశం జరపాలని కోరింది. కారణాలు చెప్పలేదు. ఎస్కార్ట్స్ బొంబాయి హైకోర్టును ఆశ్రయించి గెలిచింది. 1985 డిసెంబర్ 19న సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చింది. తీర్పు రాసినది జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. అంతకుముందు ఆయన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేశారు. సమావేశం కోరిన వాటాదారు తన కారణాలు వెల్లడించనక్కరలేదనీ, ఆ కారణాలు న్యాయసమీక్షకు లోబడవనీ ఆయన స్పష్టం చేశారు. కంపెనీని ఆయన కొన్ని విషయాల్లో రాజ్యంతో పోల్చారు. మంత్రివర్గాన్ని దించడానికి శాసనసభ ఎవరి అనుమతీ అడగదు కదా!

జీ వివాదం

2021 సెప్టెంబర్ 11న ఇన్వెస్కో తదితర నిధులు జీ ఎంటర్‌టైన్‌మెంట్‌లో సమావేశం కోరాయి. వాటి వాటా 17.88 శాతం, చట్టం అడిగేది పదోవంతు మాత్రమే. మేనేజింగ్ డైరెక్టరు పునీత్ గోయెంకాను తొలగించడం, ఆరుగురు స్వతంత్ర డైరెక్టర్లను నియమించడం వాటి ప్రతిపాదనల్లో ముఖ్యమైనవి. బోర్డు నిరాకరించి బొంబాయి హైకోర్టులో దావా వేసింది. అక్టోబర్ 26న జస్టిస్ జి.ఎస్. పటేల్ తాత్కాలిక నిషేధాజ్ఞ ఇచ్చారు. తీర్మానాలు నెగ్గినా వాటిని చట్టబద్ధంగా అమలు చేయడం సాధ్యం కాదన్నది దానికి ఆధారం.

ఈ తర్కం మూలం 1883 నాటి ఐల్ ఆఫ్ వైట్ రైల్వే వ్యాజ్యంలో ఉంది. అక్కడ ఇంగ్లండు అప్పీలు కోర్టు సమావేశాన్ని ఆపడానికి ఒప్పుకోలేదు. అయితే తీర్మానం ఏ విధంగానూ చట్టప్రకారం అమలుకాని పక్షంలో పరిస్థితి వేరుగా ఉండవచ్చని సూచించింది. ఆ చిన్న మినహాయింపే జీ వ్యాజ్యంలో ప్రధాన వాదనగా ఎదిగింది.

2022 మార్చి 22న జస్టిస్ కథావాలా, జస్టిస్ జాదవ్‌ల ధర్మాసనం నిషేధాజ్ఞను రద్దు చేసింది. 100వ సెక్షన్‌లో అభ్యర్థన 'చెల్లుబాటు' కావాలన్న మాటకు అర్థం సంఖ్య, విధానం సరిగా ఉండడమేనని వివరించింది. తీర్మానం మంచిచెడ్డలను తూచే పని బోర్డుది కాదు. ధర్మాసనం వివరణే చట్టపాఠానికి దగ్గరగా ఉంది. అభ్యర్థన ఎవరిని తప్పించడానికి వచ్చిందో వారికే దాన్ని జల్లెడ పట్టే అధికారమిస్తే ఆ సెక్షన్ నిరర్థకమవుతుంది.

అయినా కాలం సంగతి తక్కువది కాదు. బోర్డు 21 రోజుల్లో సమావేశం పిలవకపోతే, అభ్యర్థన తేదీ నుంచి మూడు నెలల్లోగా వాటాదారులే జరుపుకోవచ్చునని చట్టం చెబుతుంది. సెప్టెంబర్ 11 నుంచి లెక్కించిన ఆ మూడు నెలలూ నిషేధాజ్ఞ అమలులో ఉండగానే ముగిశాయి. అప్పీలులో గెలిచిన రెండు రోజులకు, జీ-సోనీ విలీన ప్రతిపాదనను దృష్టిలో పెట్టుకొని, ఇన్వెస్కో తన అభ్యర్థనను విరమించుకుంది. సమావేశం జరగనే లేదు.