ముద్దనూరు ప్రాంతపు ఖనిజ సంపద - కొత్త ధనసాధనాలు

ఒక ప్రాంతం ప్రకృతి వనరులపై ఆధారపడి బ్రతకటం దోషం కాదు. భూమి నుండి తీసిన సంపద తిరిగి ఏ రూపంలో నిలుస్తున్నదన్నదే అసలు ప్రశ్న. కడప జిల్లాలోని ముద్దనూరు పరిసరాలు ఇందుకు చక్కని ఉదాహరణ. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సున్నపురాయి, నాపరాయి; పులివెందుల సమీపాన తుమ్మలపల్లెలో యురేనియం. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం 1994లో ప్రారంభమై, 2018 నాటికి 1650 మెగావాట్లకు చేరింది. దాని బొగ్గు ఈ నేలది కాదు, రైళ్ళలో వస్తుంది. కరెంటు బయటికి పోతుంది. బూడిద ఇక్కడ మిగులుతుంది. ఆ బూడిదను సిమెంటు కర్మాగారాలు వాడుకోవటం కొంత ఊరట.

మైలవరం మండలంలో సౌర విద్యుత్తు కూడా వచ్చింది. 2017 ఏప్రిల్‌లో కడప సౌర పార్కులోని 250 మెగావాట్లకు జరిగిన వేలంలో యూనిట్ ధర 3 రూపాయల 15 పైసలకు దిగింది. అయితే సౌర పలకలు అమర్చిన తరువాత వాటిని చూచుకొనేందుకు కొద్దిమంది చాలు. రాతి గనులు, పాలిష్ మిషన్లు అలా కావు. కాబట్టి పర్యావరణానికి మేలైన విద్యుత్తు వచ్చినంత మాత్రాన కూలి దొరికినట్లు కాదు.

ఇక ఫోను ద్వారా జరిగే ధనవ్యవహారాలు. 2016లో యూపీఐ వచ్చాక డబ్బు క్షణాలలో చేతులు మారుతున్నది. కాని ఈ వేగానికి మంచిచెడుల విచక్షణ లేదు. సౌర పంపుకు అప్పు ఎంత సులువుగా పుడుతుందో, కొండను మరింత వేగంగా తవ్వే యంత్రానికీ అంతే సులువుగా పుడుతుంది. వడ్డీ మాట సరేసరి. రుణ యాప్‌ల ఆగడాలు మితిమీరాకనే రిజర్వు బ్యాంకు 2022లో నిబంధనలు విధించింది.

వనరుల హక్కు గురించి హదీసు గ్రంథాలలో ఒక ఉదంతం ఉన్నది. అబ్యద్ బిన్ హమ్మాల్ (రజి) కోరగా దైవప్రవక్త (సఅసం) మారిబ్‌లోని ఉప్పు గనిని ఆయనకిచ్చారు. అది ఎడతెగని నీటి ఊట వంటిదని ఒకరు తెలుపగానే తిరిగి తీసుకున్నారు. నేటి చట్టంలోనూ ఈ ఛాయ కొంత కనిపిస్తుంది: 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధిని ఏర్పరచారు. 2015 జనవరి 12కు ముందు లీజు పొందినవారు రాయల్టీపై అదనంగా 30 శాతం, వేలంలో పొందినవారు 10 శాతం దానికి చెల్లించాలి. ఆ సొమ్ము గని ప్రభావిత గ్రామాల తాగునీరు, వైద్యం, విద్యలకు చెందవలసినది. ఖాతాల ద్వారా నడిచే ధనానికి జాడ ఉంటుంది కనుక, ఏ ఊరికి ఎంత చేరిందో గ్రామసభలో అడగటం ఇప్పుడు సాధ్యం.

వడ్డీ లేని మార్గం కోరేవారికి మలేషియాలో 2017లో సౌర కేంద్రానికి జారీ అయిన సుకూక్ ఒక నమూనా. మన దేశంలో ఇస్లామీ బ్యాంకింగ్ ప్రతిపాదనను రిజర్వు బ్యాంకు అదే ఏడు పక్కన పెట్టింది. ప్రస్తుతానికి అందుబాటులో ఉన్నది 2024 నాటి సూర్యఘర్ పథకం. 3 కిలోవాట్ల సౌర పలకలకు 78,000 రూపాయల సబ్సిడీ నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. మిగిలిన ఖర్చు ఇంటివారిదే. ముందుగా పలకలు నిలిపేందుకు తగిన మిద్దె ఉండాలి.