కూకుడు గువ్వ గూడు ఎందుకు కంపు కొడుతుంది?

పచ్చికలో ముక్కుతో నేలను పొడుస్తూ నడిచే ఈ పిట్టను చాలామంది వడ్రంగిపిట్ట అనుకుంటారు. కాదు, ఇది కూకుడు గువ్వ. రెక్కల మీద నలుపు తెలుపు చారలు, తల మీద నల్లని అంచుల కుచ్చు. నేల మీద వాలగానే, లేదా బెదిరితే, ఆ కుచ్చు విసనకర్రలా విచ్చుకుంటుంది. ఎంత అందమో!

వంపు తిరిగిన పొడవాటి ముక్కును మట్టిలో గుచ్చి, లోపలే తెరిచి పురుగుల్ని పట్టేస్తుంది.

గూడు చెట్టు తొర్రలోనో, గోడ కన్నంలోనో ఉంటుంది. మరి శత్రువులు వస్తే? పొదిగే తల్లికి తోక మొదట్లోని గ్రంథిలో కుళ్లిన మాంసంలా కంపుకొట్టే ద్రవం ఊరుతుంది. దాన్ని ఈకలకు పూసుకుంటుంది. అందులోని మేలుచేసే బాక్టీరియా గుడ్లను హానికర సూక్ష్మజీవుల నుంచి కాపాడుతుంది. పిల్లలైతే పాములా బుసకొట్టి, శత్రువు మీదికి రెట్ట చిమ్ముతాయి.

గూడు కనిపిస్తే దూరం నుంచే చూడండి.