నల్లని కార్లు, రంగుల తిరుగుబాటు

1908 నుండి 1927 వరకు హెన్రీ ఫోర్డు కర్మాగారాల నుండి మోడల్ టి కార్లు కోటిన్నరకు పైగా వెలువడ్డాయి. 1914 తరువాత సుమారు పదకొండేళ్లపాటు తయారైన వాటన్నిటికీ నలుపే రంగు. సామాన్య కుటుంబీకునికి కారు అందివచ్చింది. కాని ఎవరి కారు చూచినా పొరుగువాని కారు వలెనే ఉండేది. ఆ ఏకరూపతకు కొడుకుల తరం చెప్పబోయే సమాధానాన్ని ఆనాటి తండ్రులు ఊహించి ఉండరు.

కాలిఫోర్నియా దక్షిణభాగంలో పాతబడిన ఫోర్డు బండ్లు కారుచౌకగా దొరికేవి. కుర్రవాళ్లు వాటిని కొని, చక్రాలపై రేకులు ఊడదీసి, బరువనిపించినదెల్లా పారవేసి, 1932లో వచ్చిన ఎనిమిది సిలిండర్ల ఫోర్డు ఇంజనును బిగించుకునేవారు. లాస్ ఏంజిల్స్‌కు ఉత్తరాన మ్యూరాక్ అనే ఎండిన సరస్సు వారి పందెపు బయలు. 1937లో అక్కడి పందెగాండ్ర సంఘాలు ఒక్కటైనాయి. యుద్ధానంతరం సైన్యంలో యంత్రవిద్య నేర్చిన యువకులు తిరిగి వచ్చి, ఈ వేడిని మరింత పెంచారు. 'హాట్ రాడ్' అనే పేరు నాడే ఊరూరా పాకింది.

నగర వీథులలో రాత్రివేళ సాగిన పందెాలను మాత్రం ఎవరూ సమర్థించలేరు. తన ప్రాణంతో పాటు దారిన పోయేవాని ప్రాణాన్ని ఒడ్డడం సాహసం కాదు గదా! ఈ సంగతి వారిలో పెద్దలే గ్రహించారు. 'హాట్ రాడ్' పత్రిక సంపాదకుడు వాలీ పార్క్స్ 1951లో జాతీయ సంఘం నెలకొల్పి, పందెాన్ని వీథి నుండి మైదానానికి మళ్లించాడు.

వేగం కంటె రూపమే ప్రధానమనుకున్నవారు మరొక శాఖ. వారు పైకప్పును కోసి దించారు; తలుపుల పిడులు తీసి, సందులను సీసంతో పూడ్చారు. అన్నిటికన్న ముందు వారు తొలగించినది తరచుగా కంపెనీ పేరు గల బిళ్ల! కర్మాగారం చేవ్రాలు చెరిపివేసి తన చేవ్రాలు పెట్టుకోవడమే ఈ కళలోని అసలు తిరుగుబాటు. 1955 నాటి చలనచిత్రంలో జేమ్స్ డీన్ నడిపిన 1949 మెర్క్యురీ కారు ఆ యువతరానికి ఆరాధ్యవస్తువైంది.

ఆ చేవ్రాలుకు కుంచె నిచ్చినవాడు వాన్ డచ్. 1929లో జన్మించిన ఇతని అసలు పేరు కెనెత్ హోవర్డ్. సైన్‌బోర్డులు వ్రాసే చిత్రకారుని కుమారుడు. పూర్వం గుర్రపు బగ్గీలపై శోభకై గీచే సన్నని గీతలనే అతడు కార్ల మీదికి తెచ్చాడు. కాని బగ్గీమీది గీత అంచు వెంట బుద్ధిగా సాగుతుంది. ఇతని గీత దారి తప్పి, మెలికలు తిరిగి, ముఖమో ముసుగో తోచేలా ముగుస్తుంది.

ఎడ్ రాత్ ఇంకొక అడుగు వేశాడు. పాతకారును కోయడం మాని, ఫైబర్‌గ్లాసుతో కొత్త దేహాన్నే పోతపోశాడు. 1961లో పూర్తయిన 'బీట్నిక్ బాండిట్'కు పైకప్పు పారదర్శకమైన బుడగ. స్టీరింగు చక్రం లేదు, నడపడానికి నడుమ ఒక్క కర్ర! మిక్కీ మౌసుకు విరోధిగా అతడు సృష్టించిన 'ర్యాట్ ఫింక్' గుడ్లు మిటకరించి, ఈగలు ముసిరిన ఆకుపచ్చని ఎలుక. పిల్లలు దానిని బనియన్ల మీద గర్వంగా ధరించారు. పెద్దలు ముఖం చిట్లించారు. అదే గదా వారికి కావలసినది.

ఇంతలో అంగడి మేలుకొంది. రెవెల్ కంపెనీ రాత్ కార్లను ప్లాస్టిక్ బొమ్మలుగా పెట్టెలలో పెట్టి అమ్మింది. ఒక్కొక్క పెట్టెకు అతని వాటా ఒక సెంటు. ఏకరూపతపై తిరగబడిన బండి తానే ఒక అచ్చులో లెక్కకు మించి తయారైంది. ఐతే ఆ ముక్కలు అతికించిన బాలుడు తన ఇష్టం వచ్చిన రంగు పూసుకునేవాడు. ఆ మాత్రం స్వేచ్ఛ వానికి మిగిలింది.

1963లో టామ్ వుల్ఫ్ ఒక వ్యాసంలో ఈ కార్లను శిల్పాలుగా పరిగణించి వ్రాసేసరికి పండితులూ తల తిప్పి చూచారు. రాత్ తరువాతి కాలంలో ఒక వినోదవనంలో సైన్‌బోర్డులు వ్రాస్తూ కొన్నేళ్లు గడిపాడు, 2001లో మరణించాడు. అతని 'బీట్నిక్ బాండిట్' నెవాడా రాష్ట్రంలోని రీనో నగరపు మోటారువాహనాల ప్రదర్శనశాలకు చేరింది.