వీసా కాదన్నారు... కోర్టుకెళితే?

పాలమూరు వలసంటే ఒకప్పుడు ముంబయి, పుణె. మేస్త్రి వెంట మూటాముల్లె సర్దుకుని వెళ్లడమే. ఇప్పుడు తెలకపల్లి లాంటి ఊళ్లోనూ పొలం కుదువపెట్టి కొడుకుని ఆస్ట్రేలియా పంపే తండ్రి ఉంటాడు. అక్కడ చదువు మధ్యలో ఆగి, వీసా గడువు ముంచుకొచ్చిందనుకోండి... 'రక్షణ వీసాకి పెట్టేయ్, తేలేసరికి ఏళ్లు పడుతుంది, ఈలోపు పని చేసుకో' అనే సలహాదారులు తయారు!

అది 866 వీసా. నిజంగా ప్రాణభయంతో వచ్చినవాళ్ల కోసం పెట్టింది. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గానికి చెందడం... ఈ కారణాలతో హింసకు గురయ్యే నిజమైన ముప్పుందని చూపాలి. అదీ దేశమంతటా. 'మీ ఊళ్లో భయమైతే బెంగళూరులో బతకొచ్చుగా' అన్న ప్రశ్న దగ్గరే మనవాళ్ల దరఖాస్తులు చాలా వీగిపోతాయి. అప్పు భయం ఈ లెక్కలోకి రాదు.

అధికారి కాదంటే 28 రోజుల్లో ట్రైబ్యునల్‌కి వెళ్లాలి. 2024 అక్టోబరు 14 నుంచి దాని పేరు అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రైబ్యునల్. అక్కడ కథంతా మళ్లీ వింటారు. అక్కడా ఓడితే 35 రోజుల్లో ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్టు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ కోర్టు వీసా ఇవ్వదు. 'నా ప్రాణానికి ముప్పుంది' అన్నది నిజమా కాదా అనీ తేల్చదు. మన హైకోర్టులో రిట్ లాంటిదే అనుకోండి. చట్టం ప్రకారం విన్నారా, ముఖ్యమైన వాదనను వదిలేశారా, జవాబు చెప్పుకొనే అవకాశమిచ్చారా... అంతే చూస్తుంది. తప్పు దొరికితే కేసు తిరిగి ట్రైబ్యునల్‌కే పోతుంది. దొరక్కపోతే మంత్రి తరఫు ఖర్చులూ మామూలుగా ఓడినవాడి నెత్తినే.

ఈ తలుపునూ మూసేయాలని అక్కడి పార్లమెంటు ఒకసారి చూసింది. 'ఈ నిర్ణయాలే అంతిమం' అని చట్టంలో రాసుకుంది. 2003 ఫిబ్రవరిలో ఎస్157 కేసులో హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) ఒప్పుకోలేదు. అధికార పరిధి దాటి ఇచ్చిన నిర్ణయానికి ఆ రక్షణ లేదంది. నిజమైన బాధితులకు అదెంత ఆసరానో!

కాలం సాగదీసే ఎత్తుగడ మాత్రం ఇప్పుడు అంతగా పారదు. 2023 అక్టోబరులో ఆస్ట్రేలియా 16 కోట్ల డాలర్లు కేటాయించి, కొత్త దరఖాస్తులనే ముందు తేలుస్తామంది. ఒకసారి కాదన్నాక అక్కడుండగా మంత్రి అనుమతిస్తే తప్ప మళ్లీ పెట్టుకోలేరు.

రక్షణ కోరినవాళ్ల పేర్లు తీర్పుల్లో ఉండవు, అక్షరాలూ అంకెలే ఉంటాయి. కొడుకు కేసు తీర్పు కళ్లముందున్నా తెలకపల్లిలో తండ్రి గుర్తుపట్టలేడు.